తుడిచినా నేల జిడ్డుగానే ఎందుకుంటుంది? మాప్ ఎంపిక, సంరక్షణ వెనకున్న లెక్క

ఇల్లంతా ఊడ్చి, బకెట్‌లో మంచి వాసనొచ్చే ద్రావణం కలిపి, గది గదికీ తడిగుడ్డ పెడతాం. ఆరాక ఉత్తి కాళ్లతో నడిస్తే అరికాలికి ఏదో అంటుకుంటున్నట్టు ఉంటుంది. కిటికీలోంచి ఏటవాలుగా వెలుతురు పడ్డప్పుడు చూస్తే టైల్స్ మీద చారలు. రెండు రోజులు తిరిగేసరికి నేల మళ్లీ మాసిపోతుంది. చాలామంది ఈ దశలో మాప్ మారుస్తారు. నూలు కుచ్చు మాప్ పోయి స్పిన్ మాప్ వస్తుంది, అదీ నచ్చక ఫ్లాట్ మాప్ వస్తుంది. కొత్తలో తేడా కనిపిస్తుంది. నాలుగు వారాలు గడిచాక అదే జిడ్డు, అవే చారలు, పైగా మాప్ దగ్గరకెళ్తే ముక్క వాసన.

కొనడానికి వెళ్తే ఎన్ని రకాలున్నాయో చూసి ఎవరికైనా తికమకే. నూలు మంచిదా, మైక్రోఫైబర్ మంచిదా? తొక్కితే తిరిగే బకెట్టా, స్ప్రే సీసా ఉన్న కర్రా? ఆవిరి మాప్ వస్తే రసాయనాలే అక్కర్లేదంటారు, నిజమేనా? ఈ ప్రశ్నల జోలికి పోకముందు, మాప్ నేల మీద అసలేం చేస్తుందో చూడాలి. అది అర్థమైతే మిగతావాటిలో సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

## మాప్ మురికిని మాయం చేయదు, మోసుకెళ్తుంది

తుడవడంలో మూడు పనులున్నాయి. మొదటిది, నేలకు అంటుకున్న మురికిని వదిలించడం. ఇది నీళ్లు, డిటర్జెంట్, రాపిడి కలిసి చేస్తాయి. రెండోది, వదిలిన మురికిని నీళ్లతో సహా పీచులోకి ఎత్తుకోవడం. మూడోది, ఎత్తుకున్నదాన్ని బకెట్‌లో వదిలేసి రావడం. మొదటి పని ఏ మాప్ అయినా అంతో ఇంతో చేస్తుంది. తేడా వచ్చేది తర్వాతి రెండింటి దగ్గరే.

నేల మీద మిగిలిన తడి సంగతి ఆలోచించండి. ఆరిపోవడం అంటే నీళ్లు ఆవిరై గాల్లో కలవడం. ఆ నీళ్లలో కలిసున్న దుమ్ము, నూనె, సబ్బు మాత్రం ఆవిరి కావు. ఎక్కడి తడి అక్కడ ఆరితే, అందులోని మురికి అక్కడే ఉండిపోతుంది. అది కూడా ఇదివరకటిలా పొడి దుమ్ముగా కాదు, నేలకు అతుక్కున్న పల్చటి పొరగా.

దీన్ని కళ్లతో చూడాలంటే చిన్న పని చాలు. చివరి గది తుడిచాక బకెట్‌లోని నీళ్లు ఒక చెంచాడు తీసి, నల్లటి పళ్లెం మీద గానీ గాజు పలక మీద గానీ పోసి ఆరనివ్వండి. నేను మొదటిసారి చేసినప్పుడు నిజంగా ఉలిక్కిపడ్డాను. మధ్యలో బూడిద రంగు మచ్చ, చుట్టూ తెల్లటి గీత, వేలితో రాస్తే బంకగా తగిలింది. చివరి గది నేల మీద ఆ ఉదయం నేను పరిచి వచ్చింది సరిగ్గా అదే.

## ఒక బకెట్ నీళ్లతో లెక్క

అంకెలు వేసి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఇవి కొలిచిన అంకెలు కావు, లెక్క కోసం అనుకున్నవి.

బకెట్‌లో 5 లీటర్ల నీళ్లు. ఊడవకుండానే తుడవడం మొదలుపెట్టారు. చివరి గదికి వచ్చేసరికి 20 గ్రాముల మురికి ఆ నీళ్లలోకి చేరిందనుకుందాం. అంటే లీటరుకు 4 గ్రాములు. మాప్‌ను సరిగా పిండలేదు, అందుకని ఆ గది నేల మీద 200 మిల్లీలీటర్ల నీళ్లు మిగిలాయి. అవి ఆరాక నేల మీద ఉండిపోయే మురికి 0.8 గ్రాములు.

ఇప్పుడు రెండే రెండు మార్పులు చేద్దాం. ముందుగా బాగా ఊడ్చారు కాబట్టి నీళ్లలోకి చేరింది 5 గ్రాములే. అంటే లీటరుకు 1 గ్రాము. మాప్‌ను గట్టిగా పిండారు కాబట్టి నేల మీద మిగిలింది 50 మిల్లీలీటర్లే. మిగిలే మురికి 0.05 గ్రాములు. మాప్ అదే, ద్రావణం అదే, తేడా 16 రెట్లు. సగం ఇల్లు అయ్యాక నీళ్లు మారిస్తే ఆ అంకె ఇంకా తగ్గుతుంది.

తడి మందం కూడా ఇలాగే లెక్కేయొచ్చు. ఒక చదరపు మీటరు మీద లీటరు నీళ్లు పోస్తే 1 మిల్లీమీటరు మందాన నిలుస్తాయి. 10 చదరపు మీటర్ల గదిలో 50 మిల్లీలీటర్లు మిగిలితే ఆ పొర మందం 0.005 మిల్లీమీటర్లు, ఫ్యాన్ వేస్తే చూస్తుండగానే ఆరిపోతుంది. అదే గదిలో 300 మిల్లీలీటర్లు మిగిలితే మందం ఆరు రెట్లు. ఆరేదాకా ఎవరో ఒకరు అందులో అడుగేస్తారు, అచ్చు పడుతుంది, కాలు జారే ప్రమాదం కూడా ఉంటుంది.

నిజం బకెట్‌లో మురికి ఇంత సమంగా కలవదు. ఇసుక, మట్టి రేణువులు అడుక్కి దిగుతాయి, నూనె, వెంట్రుకలు పైకి తేలుతాయి. కొన్ని బకెట్లలో అడుగున జల్లెడలాంటి పళ్లెం ఉండేది అందుకే. మాప్ ముంచినప్పుడు అడుగునున్న ఇసుక మళ్లీ పైకి లేవకుండా అది ఆపుతుంది. రెండు బకెట్ల పద్ధతి కూడా ఈ లెక్కలోంచి పుట్టిందే. ఒకదాంట్లో శుభ్రమైన ద్రావణం, ఇంకోదాంట్లో జాడించే నీళ్లు. వాడిన మాప్ ముందు జాడించే బకెట్‌లోకి వెళ్తుంది, పిండాకే ద్రావణంలోకి వస్తుంది. ఆసుపత్రుల్లో ఇంకో అడుగు ముందుకేసి, గదికొక శుభ్రమైన ప్యాడ్ వాడి, వాడినదాన్ని మళ్లీ బకెట్‌లో ముంచకుండా ఉతుక్కి వేసే పద్ధతి ఉంది.

## నూలు, మైక్రోఫైబర్, స్పాంజి: పీచులో తేడా

నూలు పోగు అంటే సెల్యులోజ్. నీటిని ఇష్టంగా పీల్చుకుంటుంది, తడిసినప్పుడు ఇంకాస్త బలపడుతుంది కూడా. గరుకు నేల మీద రుద్దినా తట్టుకుంటుంది, మరుగు నీళ్లలో వేసినా పాడవదు. దాని ఇబ్బంది కూడా ఆ పీల్చుకునే గుణంలోనే ఉంది. నీళ్లు పోగు లోపలికి పోతాయి కాబట్టి పిండితే అంత తేలిగ్గా రావు, ఎండబెడితే తొందరగా ఆరవు. తడిసిన పెద్ద నూలు మాప్ లీటరు నీళ్లు పట్టిందంటే కర్ర చివర కిలో బరువు అదనంగా వేలాడుతున్నట్టే.

మైక్రోఫైబర్ వేరే సూత్రం మీద పనిచేస్తుంది. పోగు సన్నదనాన్ని డెనియర్‌లో కొలుస్తారు. 9,000 మీటర్ల పోగు 1 గ్రాము తూగితే అది 1 డెనియర్. అంతకంటే సన్నటి కృత్రిమ పోగుల్ని మైక్రోఫైబర్ అంటారు. మన వెంట్రుకతో పోలిస్తే సుమారు పదో వంతు మందం, మంచి రకమైతే ఇంకా తక్కువ. 1970 ప్రాంతంలో జపాన్‌కు చెందిన టోరే సంస్థలో మియోషి ఒకమోతో ఇంత సన్నటి పోగులు తీసే పద్ధతిని అభివృద్ధి చేశారు. అప్పుడు దాన్ని వాడింది మెత్తటి తోలులాంటి బట్ట కోసం. తుడుపుగుడ్డల్లోకి ఆ తర్వాత వచ్చింది.

తుడవడానికి వాడే రకంలో సాధారణంగా పాలిస్టర్, పాలిఅమైడ్ (నైలాన్ రకం) కలిసుంటాయి. 80 శాతం, 20 శాతం పాళ్లు ఎక్కువగా కనిపిస్తాయి. తయారీలో ఈ పోగును నిలువునా చీలుస్తారు. నారింజ తొనల్లా విడిపోయిన ఆ పోగుల అంచులు మురికిని గీకుతాయి, తొనల మధ్య సందులు నీళ్లని, నూనెని లాక్కుంటాయి. నీళ్లు పోగు లోపలికి కాకుండా సందుల్లో నిలుస్తాయి కాబట్టి పిండితే తేలిగ్గా వస్తాయి, తొందరగా ఆరుతుంది. పొడిగా వాడినా దుమ్మును స్థిర విద్యుత్తుతో పట్టేస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. చీల్చని పోగుతో చేసిన బట్టను కూడా మైక్రోఫైబర్ పేరుతోనే అమ్ముతారు. చేత్తో పట్టుకుంటే మెత్తగా, మెరుస్తూ ఉంటుంది, నేల మీద మాత్రం నీళ్లను పీల్చకుండా ముందుకు తోస్తుంది. కాస్త నీళ్లు ఒలికించి దాని మీద ప్యాడ్ పెట్టి లాగితే తెలిసిపోతుంది. చీల్చిన రకం నీళ్లను తాగేస్తుంది, ఆరిన అరచేతితో రాస్తే చర్మానికి పట్టినట్టు తగులుతుంది.

స్పాంజి మాపుల్లో ఎక్కువగా వాడేది పీవీఏ అనే కృత్రిమ స్పాంజి. తడిస్తే మెత్తగా, ఆరితే చెక్కలా గట్టిగా అయిపోతుంది. గట్టిపడ్డప్పుడే మీట లాగి మడిస్తే పగిలిపోతుంది, ముందు నీళ్లలో కాసేపు నానాలి. ఒలికిన నీళ్లను ఎత్తడంలో దీనికి సాటి లేదు. టైల్స్ సందుల్లోకి మాత్రం దిగదు.

మరి కూర్చుని గుడ్డతో తుడవడం సంగతి? చేతి బలం నేరుగా మరక మీద పడుతుంది, కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయి, గుడ్డను చేత్తో పిండితే బాగా పిండుకుంటుంది. మొండి మరకకు ఇప్పటికీ అదే మేలు. మోకాళ్లకు, నడుముకు పడే భారం వల్లే ఇల్లంతటికీ అది కుదరదు.

## పిండే ఏర్పాటు: నా లెక్కలో అసలు చూడాల్సింది ఇదే

పీచు గురించి జనం పట్టించుకున్నంతగా పిండే ఏర్పాటు గురించి పట్టించుకోరు. పైన చెప్పిన 16 రెట్ల తేడాలో నాలుగు రెట్లు కేవలం పిండడం వల్ల వచ్చినవే. మాప్ చరిత్ర కూడా చాలావరకు, చేయి తడవకుండా ఎలా మార్చాలి, ఎలా పిండాలి అన్న ప్రశ్న చుట్టూనే తిరిగింది. అమెరికాలో థామస్ స్టీవర్ట్ 1893లో పేటెంట్ తీసుకున్న మాప్‌లో ముఖ్యమైన సంగతి, తుడిచే భాగాన్ని తేలిగ్గా మార్చుకోగల బిగింపు, మీటతో పిండే వీలు. 1950ల్లో స్పెయిన్ ఇంజనీరు మాన్యుయెల్ హలోన్ మాప్‌కు తోడుగా పిండే బకెట్‌ను తెచ్చారు. మోకాళ్ల మీద వంగి తుడిచే బాధ తప్పించింది కర్ర ఒక్కటే కాదు, ఆ బకెట్ కూడా. 1990లో జాయ్ మాంగానో తెచ్చిన మాప్ కర్రను మెలితిప్పితే చాలు, చేత్తో ముట్టుకోకుండానే పిండుకునేది.

ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో కనిపించే స్పిన్ మాప్ నీళ్లను విసిరి వదిలిస్తుంది. బుట్ట వ్యాసార్ధం 10 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 300 చుట్లు అనుకుంటే, అంచున ఉన్న నీటి మీద భూమ్యాకర్షణకు సుమారు 10 రెట్ల బలం పడుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలు. అందుకే బుట్టలో మాప్ ఒకవైపుకి ఒరిగి నెమ్మదిగా తిరిగితే అది సరిగా పిండదు, నాలుగు సార్లు తిప్పాల్సి వస్తుంది. కుచ్చుల్ని బుట్టలో సమంగా సర్ది ఒక్కసారి వేగంగా తిప్పితే సరిపోతుంది. దీని మంచి గుణం, తడి ఎంత ఉండాలో మనమే నిర్ణయించుకోవచ్చు. రెండు చుట్లకు ఆపితే జిడ్డు నేలకు సరిపడా తడి, పూర్తిగా తిప్పితే చెక్క నేలకు సరిపోయేంత పొడి.

ఫ్లాట్ మాప్ ఇరుకు సందులోంచి పైకీ కిందికీ లాగితే పిండుకుంటుంది. మంచాల కింద, సోఫాల కింద దూరుతుంది, ప్యాడ్ అంతా నేలకు ఆనుతుంది కాబట్టి చారలు తక్కువ. జాడించే అర, పిండే అర వేరుగా ఉన్న బకెట్‌తో వచ్చే రకం రెండు బకెట్ల పద్ధతికి కాస్త దగ్గరే. ఆ సందులోని రబ్బరు అరిగిపోతే పిండడం ఆగిపోతుందన్నది దీని బలహీనత.

మెలితిప్పి పిండే మాప్ చవక, సరళం. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు మాత్రం రోజూ తిప్పడం కష్టం. వాళ్లకు కాలితో తొక్కే మీటో, కర్రను కిందికి నొక్కితే తిరిగే ఏర్పాటో నయం. కర్ర పొడవు కూడా ఇక్కడే చూసుకోవాలి. నిలబెడితే భుజానికీ గడ్డానికీ మధ్య దాకా వచ్చే కర్రతో వీపు వంచకుండా తుడవొచ్చు.

## నేలను బట్టి మారే జవాబు

విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతం కంటే తక్కువ నీటినే పీలుస్తుంది. దాని మీద ఏ మాప్ అయినా నడుస్తుంది. అక్కడ కనిపించే లోపమల్లా చారలే, కాబట్టి బాగా పిండిన మైక్రోఫైబర్ నప్పుతుంది. టైల్స్ మధ్య సందుల్లోని గ్రౌట్ కథ వేరు. అది సన్నటి రంధ్రాలున్న సిమెంటు, పైగా టైల్ కంటే కాస్త పల్లంలో ఉంటుంది. తడి ఎక్కువైతే మురికి నీళ్లు పారి అక్కడే చేరతాయి. టైల్స్ తెల్లగా ఉన్నా గీతలు నల్లబడటానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. అది మాప్‌తో పోదు, బ్రష్ పట్టాల్సిందే.

పాలరాయి అంటే కాల్షియం కార్బనేట్. ఆమ్లం తగిలితే కరుగుతుంది. నిమ్మరసం, వెనిగర్ సహజమైనవే, ఏమీ కాదు అనుకుని బకెట్‌లో కలిపితే పాలరాయి మెరుపు పోయి మసకగా మచ్చలు పడతాయి. అవి మరకలు కావు, రాయి పైపొరే కరిగిన గుర్తులు. మళ్లీ పాలిష్ పట్టిస్తే తప్ప పోవు. గ్రానైట్‌లో ఉన్నది వేరే ఖనిజాలు కాబట్టి అంతగా కరగదు, కానీ దాని మీద నీళ్లు ఇంకకుండా పూసిన సీలర్ పొర ఉంటే అది దెబ్బతినొచ్చు.

చెక్క, ల్యామినేట్ నేలలకు శత్రువు నిలవ నీరు. ల్యామినేట్ లోపల ఉండేది చెక్క పొట్టును గట్టిగా నొక్కి చేసిన పలక. అతుకుల్లోంచి నీళ్లు దిగితే అంచులు ఉబ్బుతాయి, ఆరాక కూడా ఆ ఉబ్బు తగ్గదు. ఇక్కడ తడిసీ తడవనట్టున్న ఫ్లాట్ మాప్ ఒక్కటే దారి. గరుకు గచ్చుకు మాత్రం నూలే మంచిది. మైక్రోఫైబర్ పోగులు ఆ గరుకుకి చిక్కుకుని, లేచి, తొందరగా పాడవుతాయి.

ఆవిరి మాప్ గురించి రెండు వాదనలూ వింటాం. వేడి జిడ్డును కరిగిస్తుంది, రసాయనం మిగలదు, ఆ మాట నిజం. ఆవిరి నేలను తాకగానే వేగంగా చల్లారుతుంది కాబట్టి గబగబా లాగేస్తే క్రిములు చస్తాయన్న హామీ లేదు, ఆ మాటా నిజమే. ల్యామినేట్, సీలర్ వేయని చెక్క, సీలర్ లేని రాయి, జిగురుతో అంటించిన వినైల్ షీటు ఉన్నచోట దీన్ని వాడకపోవడమే మేలు.

## ద్రావణం ఎక్కువైతే మురికి ఎందుకు పెరుగుతుంది

డిటర్జెంట్ అణువుకు ఒక కొస నీటిని, ఇంకో కొస నూనెను పట్టుకుంటుంది. నూనె బిందువు చుట్టూ ఇవి గుమిగూడి దాన్ని నేల నుంచి విడదీసి నీళ్లలో తేలేలా చేస్తాయి. నేల మీదున్న కొద్దిపాటి జిడ్డుకు కొద్దిపాటి డిటర్జెంటే చాలు. మూత కొలతకి బదులు సీసా వంచి పోస్తే, పని లేని అణువులన్నీ నీళ్లలోనే ఉండి నేల మీద ఆరతాయి. ఆ పొర తేమను, దుమ్మును పట్టేస్తుంది. అరికాలికి బంకగా తగిలేది చాలాసార్లు ఇదే. నేల మాసిందని ఇంకాస్త ద్రావణం పోస్తాం, పొర ఇంకాస్త మందమవుతుంది. ఇప్పటికే అలా పొర కట్టిన నేలను రెండు మూడు సార్లు ఉత్త గోరువెచ్చని నీళ్లతో తుడిస్తే, మొదటిసారి బకెట్‌లో నురగ రావడం చూడొచ్చు. డిటర్జెంట్ ఏమీ వేయకుండానే వచ్చిన ఆ నురగంతా నేల మీదున్నదే.

కఠిన జలమైతే ఇంకో సమస్య. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారతాయి. సబ్బు కాకుండా డిటర్జెంట్ ఆధారిత ద్రావణమైతే ఈ తెట్టు తక్కువ. ఉత్త నీళ్లే ఆరినా తెల్లటి మచ్చలు మిగులుతాయి కాబట్టి గట్టిగా పిండడం ఇక్కడా పనికొస్తుంది.

రోజూ క్రిమిసంహారకం కలపాలా అన్నది చాలా ఇళ్లలో వాదన. అవసరమనేవాళ్లు పాకే పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని చూపిస్తారు. అక్కర్లేదనేవాళ్లు, మురికితో పాటే క్రిముల్లో ఎక్కువ భాగం ఎత్తుకుపోతుందని, పిల్లలు పాకే నేల మీద రోజూ రసాయనం ఆరనివ్వడం మంచిది కాదని అంటారు. నాకు రెండో వాదన వైపే మొగ్గు ఉంది. ఇంట్లో ఎవరికైనా వాంతులో విరేచనాలో అయినప్పుడు మాత్రం క్రిమిసంహారకం కచ్చితంగా కావాలి. అప్పుడు కూడా ముందు మురికి తీసేయాలి, తర్వాత సీసా మీద రాసినంత సేపు నేల తడిగా ఉండాలి. చాలావాటికి అది 10 నిమిషాల దాకా ఉంటుంది. తుడిచిన వెంటనే ఫ్యాన్ వేసి ఆరబెడితే వాసన మిగులుతుంది, పని పూర్తికాదు. ఇంకో సంగతి, బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి క్వాటర్నరీ అమ్మోనియం రకం మందు నూలు పోగుకి అంటుకుపోతుంది. వాటికి ధన విద్యుదావేశం, తడిసిన నూలుకి రుణ విద్యుదావేశం. నూలు మాప్ ముంచేకొద్దీ నీళ్లలో మందు బలం తగ్గుతుంది.

బ్లీచ్ విషయంలో ఒక్కమాట, దీనికి మినహాయింపు లేదు. బ్లీచ్‌ను యాసిడ్ క్లీనర్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. వెనిగర్‌తో కలిపినా అంతే. అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిపితే క్లోరమైన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తుల్ని దెబ్బతీసేవే. బాత్రూమ్‌కి వాడిన యాసిడ్ మిగిలిన బకెట్‌లో బ్లీచ్ పోసినా ప్రమాదమే. నా మటుకు ఇంట్లో మాప్ ఒకటే ఉన్నా, బాత్రూమ్ బకెట్ మాత్రం వేరుగా ఉండాలంటాను.

## ముక్క వాసన ఎక్కడి నుంచి వస్తుంది

తడి ఆరని బట్టలో బాక్టీరియా పెరుగుతూ చెమటను, నూనెను తిని వాసనొచ్చే ఆమ్లాలు వదులుతుంది. ఉతికిన బట్టల్లో వచ్చే ముక్క వాసనకు మొరాక్సెల్లా జాతి బాక్టీరియా ముఖ్య కారణమని 2012లో జపాన్ పరిశోధకులు చూపించారు. మాప్‌లో ఉన్న పరిస్థితి ఆ బట్టల కంటే అనుకూలం. తడి ఉంది, నేల మీది నూనె ఉంది, వెంట్రుకలున్నాయి, చీకటి మూల ఉంది.

ఇక్కడా లెక్కేద్దాం. అరగంటకోసారి రెట్టింపయ్యే ఒక్క కణం 8 గంటల్లో 16 సార్లు రెట్టింపై 65,536 అవుతుంది. 3 గంటల్లో మాప్ ఆరిపోయిందనుకుంటే ఆ అంకె 64 దగ్గర ఆగుతుంది. నిజ జీవితంలో అంత నికరంగా పెరగవు, కానీ ఆరడం ఎంత తొందరగా జరిగితే అంత మేలన్న సంగతి మారదు. వాసన పోవడానికి సువాసన ద్రావణం పోయడం కంటే మాప్‌ను తొందరగా ఆరబెట్టడమే ఎందుకు పనిచేస్తుందో ఈ రెండు అంకెల్లో ఉంది.

మాప్ వాసన పట్టడానికి చాలాసార్లు కారణం దాన్ని పెట్టే తీరే. బకెట్‌లోనే కుక్కి వదిలేస్తే అడుగున నీళ్లు ఊరి కుచ్చు మధ్య భాగం రోజంతా తడిగానే ఉంటుంది. తల కిందికి నిలబెట్టినా అంతే. జాడించి, పిండి, కుచ్చులు విదిల్చి, గాలి ఆడేచోట నేలకు తగలకుండా వేలాడదీస్తే ఆరుతుంది. వేళ్లు కుచ్చుల మధ్యకి చొప్పించి చూడండి, పైన ఆరినట్టున్నా మొదట్లో, చక్రానికి కుట్టిన చోట, చల్లగా తగులుతుంది. వాసన మొదలయ్యేది అక్కడే. ఎండ మంచిదే, ఆరబెడుతుంది, క్రిముల్నీ తగ్గిస్తుంది. వారాల తరబడి మండుటెండలో వదిలేస్తే మాత్రం కృత్రిమ పోగులు పెళుసెక్కుతాయి.

నూలు మాప్‌ను వేడి నీళ్లలో డిటర్జెంట్ వేసి నానబెట్టి ఉతకొచ్చు. మైక్రోఫైబర్‌కు కొన్ని పడవు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే తొనల మధ్య సందుల్లో మైనంలా పేరుకుని పీల్చే గుణం పోతుంది. క్లోరిన్ బ్లీచ్ పాలిఅమైడ్‌ను తినేస్తుంది. మరీ ఎక్కువ వేడికి పోగుల కొసలు కరిగి అతుక్కుంటాయి. నూలు బట్టలతో కలిపి ఉతికితే వాటి పీచంతా దీనికి పట్టుకుంటుంది. వారానికి రెండు మూడు సార్లు తుడిచే ఇంట్లో, వాడిన ప్రతిసారీ జాడించడంతో పాటు వారానికోసారి పూర్తిగా ఉతకడం మంచి లెక్క.

స్పిన్ బకెట్‌కూ సంరక్షణ ఉంది. బుట్ట కింద ఇరుసుకు వెంట్రుకలు చుట్టుకుంటాయి. తొక్కితే గరగరమని శబ్దం వస్తే చాలామంది బకెట్ పోయిందనుకుంటారు. బుట్ట తీసి చూస్తే సన్నటి వెంట్రుకల ఉండ కనిపిస్తుంది, అంతే.

మాప్ తల ఎప్పుడు మార్చాలో నెలల లెక్కతో చెప్పడం కష్టం. ఉతికి, పూర్తిగా ఆరాక కూడా వాసన ఉందంటే, అరచేతికి పట్టు తగలడం లేదంటే, తడి నేల మీద లాగితే వెనక నీటి గీత వదులుతోందంటే దాని పని అయిపోయింది. కొనేటప్పుడే విడి తలలు దొరుకుతాయా, బిగింపు ఏ రకం అని చూసుకోవడం అందుకే ముఖ్యం. తల దొరక్క మంచి బకెట్‌ను పారేయాల్సి రావడం బాధాకరం.

## పర్యావరణం మాటేమిటి?

మైక్రోఫైబర్ ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి పోతాయి. నూలు మట్టిలో కలిసిపోతుంది. ఇంతవరకు చూస్తే నూలుదే పైచేయి. కానీ పత్తి పంటకు నీళ్లు ఎక్కువ కావాలి, నూలు మాప్ తుడిచినప్పుడూ జాడించినప్పుడూ ఎక్కువ నీళ్లు తాగుతుంది. ఒకసారి వాడి పారేసే తడి ప్యాడ్ల కంటే రెండూ నయం. ఎక్కువ సార్లు ఉతక్కుండా, చల్లటి నీళ్లలో నిండు లోడుతో ఉతికితే పోగులు రాలడం తగ్గుతుంది.

## రెండు ఇళ్లు, రెండు జవాబులు

మొదటి ఇల్లు. నేలంతా విట్రిఫైడ్ టైల్, 80 చదరపు మీటర్లు, కుక్క ఉంది, తుడిచే మనిషికి మణికట్టు నొప్పి. ఇక్కడ కాలితో తొక్కే స్పిన్ బకెట్, మైక్రోఫైబర్ తలలు మూడు. ఊడ్చాక ఒక తలతో సగం ఇల్లు, నీళ్లు మార్చి రెండో తలతో మిగతా సగం. మూడోది ఆరుతూ ఉంటుంది. వంటగదికి మాత్రమే ద్రావణం, అది కూడా మూత కొలతతో, చివర్లో. మిగతా గదులకు ఉత్త నీళ్లే.

రెండో ఇల్లు. చెక్క నేల, 45 చదరపు మీటర్లు, ఇద్దరే మనుషులు. ఇక్కడ బకెట్టే అక్కర్లేదు. సన్నగా చిమ్మే స్ప్రే సీసా, ఫ్లాట్ మాప్, ప్యాడ్లు మూడు. 15 చదరపు మీటర్లకు ఒకటి లెక్కన వాడి, మురికైనది తీసి పక్కన పెడతారు. మూడూ కలిపి ఒకేసారి ఉతుకుతారు, తాడు మీద వేస్తారు. మర్నాడు పొద్దున చేత్తో తడిమి చూస్తే, కుట్టు దగ్గర కూడా తడి లేకుండా ఉంటాయి.